నట్టు చూసి చెప్పిన తీర్పు

సిజ్రాన్,
మార్చి 4, 1978

ఒరే అర్హిప్, బావమరిదీ,

గ్లాషాను తీసుకున్నారు! మ్యూజియం మరమ్మతుశాలలోకి మన గ్లాషాను తీసుకున్నారు! నీకీ సంగతి తెలుసని నాకూ తెలుసు. పిల్ల ఉండేది నీ ఇంట్లోనే, ఆ పొద్దున టీ కాచి పంపింది నువ్వే. అయినా కన్నతండ్రి నోటితో ఒకసారి వింటే నీ సొమ్మేం పోతుంది? విను. గ్లాషాను తీసుకున్నారు!

టెలిగ్రాం వచ్చేసరికి గోళ్ళు తీసుకుంటున్నాను. కుడిచేతివి అలాగే ఉండిపోయాయి, డిపోకు పరిగెత్తాను. ఇంజన్ డ్రైవర్లకు చెప్పాను, రొట్టెల దుకాణం వరుసలో చెప్పాను. ఆ వరుసలో ముందు నిలబడ్డ ఒకావిడ ఎవరో నాకు తెలియదు, ఆమెకు రెండుసార్లు చెప్పాను. "అభినందనలు తాతా, మగపిల్లాడా ఆడపిల్లా?" అంది. ఇంటికొచ్చాక మీ అక్క మార్ఫా గుమ్మంలో నిలబడి, "టోపీ లేకుండా ఊరంతా తిరిగొచ్చావు. ఆ బుర్రలో పాడవడానికేమీ లేదులే, చెవులైనా కాపాడుకోవాల్సింది" అంది. ఆమె కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఉల్లిపాయలంది. ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయి వారమైంది.

ఇది పూర్తి ఉద్యోగం కాదని నాకూ అర్థమైంది. మూడు నెలలు పని చూస్తారు. చివర్లో ఒక పరీక్ష వస్తువు ఇస్తారు. అది నెగ్గితే ఉద్యోగమూ, లెనిన్‌గ్రాద్‌లో ఉండటానికి అనుమతీ. నెగ్గకపోతే మళ్ళీ సిజ్రాన్, మళ్ళీ బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు వెయ్యడం. ముప్పై నాలుగేళ్ళ మనిషికి మూతల దగ్గరికి తిరిగి రావడమంటే ఏమిటో నువ్వే ఆలోచించు.

నా మతం నీకు తెలియనిది కాదు. అతుకేసిన బ్యాడ్జి నా లెక్కన రంగు పూసిన శవం. ఆదివారమొస్తే రైల్వే క్లబ్బులో బ్యాడ్జీలు సేకరించేవాళ్ళ మధ్య భూతద్దం పట్టుకుని అతుకులు పట్టేది నేను. అతుకులు వేసే పిల్ల పుట్టింది ఎవరికి? నాకే! బయల్దేరేరోజు స్టేషన్లో కూడా ఇదే గొడవ. "నాన్నా, నువ్వు గాయం చూసి కేసు రాస్తావు, నేను కట్టు కడతాను, అంతే తేడా" అంది. "ఆ కట్టు కట్టినవి నా బల్ల మీద పెట్టకు" అన్నాను నేను, ఏడో తరగతి వరకు చదివిన మేధావిని. ఆ తర్వాత రైలు కదిలేదాకా ఇద్దరం వోల్గా మీద మంచు ఎప్పుడు కరుగుతుందో మాట్లాడుకున్నాం.

అందుకని నువ్వే కాస్త కనిపెట్టి ఉండు. తింటోందా? రాత్రిళ్ళు నిద్రపోతోందా?

నీ బావ,
సవేలీ


లెనిన్‌గ్రాద్,
ఏప్రిల్ 9

బావా,

తింటోంది, నేను ఎదురుగా కూర్చుంటే. నిద్రపోతోంది, నేను దీపం ఆర్పితే. చూపుడువేలు కాస్త కాలింది. నూనె రాశాను. ఏదో పని మీద ఉంది, ఏమిటని అడగకు. నన్నే అడగనివ్వడం లేదు. వాళ్ళ పెద్దావిడ వార్వారా పావ్లొవ్నా గట్టి మనిషి. అక్కడ ఆమె ముందు దగ్గడానికి కూడా అనుమతి కావాలట.

ఇక నీకో పని. ఈ అగ్గిపెట్టెలో మూడు గార్డ్స్ బ్యాడ్జీలున్నాయి, యుద్ధంలో పేరు తెచ్చుకున్న దళాలకు ఇచ్చినవి. మీ రైలు కండక్టరు చేతే పంపుతున్నాను. దేనికి ఏ దారం కట్టానో చూడు: ఎర్రది, తెల్లది, నల్లది. మా ట్రాం డిపోలో ఒక పందెం నడుస్తోంది. ఏది ఏ సంవత్సరానిదో చెప్పు. వీటిలో ఎవరైనా చెయ్యి పెట్టి బాగుచేసినది ఉందా, ఉంటే ఏది, అదీ చెప్పు. ఎవరివని అడగకు. పేరు తెలిస్తే నీ కన్ను మొహమాటపడుతుంది.

మే నెల సగం దాటకముందే జవాబు రావాలి. ఒంటిగా చూసినా సరే, క్లబ్బులో అందరితో చూపించినా సరే. సవేలీ కన్ను దాటిపోయిందంటే ఇంక దాన్ని పట్టేవాడు లేడని నమ్మేవాళ్ళు ఇక్కడ ఒకరిద్దరున్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదు, పొంగిపోకు.

అక్క పంపిన గూస్‌బెర్రీ జామ్ అందింది. దాంతోపాటు వచ్చినవీ అందాయని చెప్పు. ఆమెకు అర్థమవుతుంది.

నీ
అర్హిప్


సిజ్రాన్,
మే 11

ఒరే బావమరిదీ,

నీ పందెం తేల్చేశాను! తేల్చడమంటే అలా ఇలా కాదు, క్లబ్బంతా చప్పట్లు కొట్టింది. ముందు నా గొప్ప చెప్పుకోనీ, తర్వాత తీర్పు.

మొదట ఇంట్లో చూశాను. బరువు చూశాను. సూది ఎర్రగా కాల్చి ఎనామిల్ గాజుపూత అంచున ఆనించాను. దొంగ పూత అయితే మెత్తబడి వాసనొస్తుంది. అసలైన గాజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. తర్వాత పంటికి కొట్టి చప్పుడు విన్నాను, ఇది మా గురువుల కాలంనాటి పద్ధతి. మార్ఫా గిన్నెలు తోముతూ, "ఏమయ్యా, నీ ముందుపళ్ళన్నీ స్టీలువి. వాటికి సబ్బుబిళ్ళ కొట్టినా టింగుమంటుంది" అంది. విద్యలో ఆడవాళ్ళు అడ్డుపడటం కొత్తేం కాదని ఊరుకున్నాను. అటు తిరిగి, దవడ లోపలున్న ఒక్క సొంత పంటికి కొట్టి చూశాను.

ఆదివారం క్లబ్బులో పెట్టాను. మా అధ్యక్షుడు, మందులషాపు వలేరియన్ ఇగ్నాత్యెవిచ్, రెండు భూతద్దాలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూసి, "మీరే చెప్పండి, సవేలీ తిమొఫెయిచ్" అన్నాడు. మందుచీటీలు చదివే కళ్ళవి, అవే చేతులెత్తేశాయి! నేను చెప్పాను, అందరూ తల ఊపారు. ఇదీ తీర్పు:

ఎర్రదారం: యుద్ధం అయ్యాక చేసింది. తేలిక, వెనకవైపు చదును, ఎరుపు ఇటుక రంగు. చెయ్యి పెట్టలేదు. చెయ్యి పెట్టేంత విలువా లేదు.

తెల్లదారం: అబ్బ, బావమరిదీ! నలభై మూడు, మొదటి నెలల సరుకు. అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. జెండా ఎరుపును దీపానికి పడితే చెర్రీ జామ్. నక్షత్రం చుట్టూ తెలుపు అప్పుడే పితికిన పాలు. ఎవరి చెయ్యీ తగలని కన్నెపిల్ల! దీని యజమాని ఎవరో గానీ నా తరఫున అతని చేతులు ముద్దుపెట్టుకో.

నల్లదారం: ఇదీ దొంగ. ఒళ్ళు నలభై మూడుదే, కాదనను. కానీ వెనక నట్టు? దానిమీద అచ్చు వేరే కార్ఖానాది! ఆ కార్ఖానా ఇలాంటి ఒళ్ళు ఎన్నడూ పోత పోయలేదు. అంటే ఏమిటి? ఎవడో ఘనుడు రెండు శవాలు కలిపి ఒక పెళ్ళికొడుకును తయారుచేశాడు. నట్టు మార్చినవాడు ఎనామిల్ మాత్రం వదుల్తాడా? అంచుల దగ్గర నునుపు చూస్తే నాకు అనుమానమే. దీని యజమాని యుద్ధాన్ని సినిమాహాల్లో చూసిన మనిషై ఉంటాడు. దీన్ని ఛాతీమీద కాదు, పిల్లి మెడలో కట్టుకోమని నా మాటగా చెప్పు.

ఈ ఆఖరి మాటకు క్లబ్బులో కుర్చీలు కదిలిపోయేలా నవ్వారు. వలేరియన్ ఇగ్నాత్యెవిచ్ తీర్పు మొత్తం అందంగా రాయించి గోడబోర్డుకు తగిలించాడు. రోజుకోసారి అటువైపు పనిబడుతోంది నాకు.

పందెంలో నెగ్గినవాడు ఎవడు? గ్లాషా పరీక్ష ఎంతవరకొచ్చింది?

నీ బావ,
సవేలీ


లెనిన్‌గ్రాద్,
మే 19

సవేలీ తిమొఫెయిచ్ గారికి,

మీ తీర్పు అందింది. నల్లదారం బ్యాడ్జి యజమానికి పిల్లి సంగతితో సహా చదివి వినిపించాను.

వీలు చూసుకుని మూడు బ్యాడ్జీలూ తిరిగి పంపగలరు.

గ్లాషా కులాసా. పరీక్ష ఫలితం ఈ నెలాఖరులో తెలుస్తుంది. అక్కకు నా నమస్కారం.

ఇట్లు,
అర్హిప్ నెస్తెరొవ్


సిజ్రాన్,
మే 27

ఒరే అర్హిప్,

గారేమిట్రా గారు! నీ అక్కను చేసుకున్ననాటి నుంచి నన్ను నువ్వు ఆవిరిబుర్ర అన్నావు, బొగ్గుల బస్తా అన్నావు, ఓసారి పెళ్ళిలో అందరి ముందూ ముసలి టీ సమోవార్ అన్నావు. ఎన్నడూ 'గారు' అని తిట్టలేదు. ఉత్తరం తిప్పి చూశాను, వేరే ఇంటిది పొరపాటున వచ్చిందేమోనని.

మార్ఫాకు చూపించాను. చదివింది, మడిచింది, నా చేతిలో పెట్టింది. "మీ తమ్ముడికేమైంది?" అంటే, "నీ దగ్గర భూతద్దం ఉందిగా, పెట్టి చూసుకో" అంది. ఆ రోజు సూప్‌లో ఉప్పు లేదు. అడిగితే అదీ భూతద్దంతో వెతుక్కోమంది.

పిల్లి మాటకేనా? పందెం ఓడినవాడు నీ స్నేహితుడా? అలాగైతే చెప్పు, క్షమాపణ రాస్తాను. పిల్లి తీసేసి మేకను పెడతాను. బ్యాడ్జీలు పోస్టులో వెయ్యను, నమ్మకమైన మనిషి దొరికేదాకా నా దగ్గరే భద్రంగా ఉంటాయి.

అది కాదు నా బాధ. గ్లాషా రాసి నెల దాటింది. మొన్న నడుచుకుంటూ బిస్కెట్ల ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళాను. ఆమె బల్ల ఎవరికైనా ఇచ్చేశారా, ఖాళీగా ఉందా అని ఫోర్‌వుమన్‌ను అడుగుదామని. ఖాళీగా ఉందంటే సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేకపోయాను. పిల్ల నెగ్గదని తండ్రే అనుకుంటున్నట్టుంటుంది కదా. అడగలేదు. గేటు దగ్గర కొట్లో అరకిలో విరిగిన బిస్కెట్లు కొనుక్కుని వచ్చేశాను. ఎందుకు కొన్నావని మార్ఫా అడిగితే పావురాలకన్నాను.

ఏదో ఒకటి రాయి. తిట్టు, ఫరవాలేదు. 'గారు' మాత్రం వద్దు.

సవేలీ


లెనిన్‌గ్రాద్,
జూన్ 5

బావా,

పిల్లినీ మేకనూ వదిలెయ్. ఇన్నాళ్ళు కోపంగా ఉండి అలిసిపోయాను, నాకది చేతకాదు. విను.

నల్లదారం బ్యాడ్జి నాది.

నలభై మూడు శరదృతువులో మా రెజిమెంటుకు గార్డ్స్ హోదా ఇచ్చారు. రెండు కార్ఖానాల బ్యాడ్జీలు కలిపి ఒక పెట్టెలో వచ్చాయి, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి. కొత్త బ్యాడ్జిని మందులో తడిపి తాగకుండా తగిలించుకుంటే అచ్చిరాదంటారు కదా. గ్లాసులెక్కడివి మాకు? మా సార్జెంటు సూప్ కుండ కడిగించి, నట్లు విప్పించి, కంపెనీ మొత్తం బ్యాడ్జీలూ నట్లూ అందులోనే పోయించాడు, దానిమీద స్పిరిట్. కుండ చేతులు మారుతూ తిరిగింది. అడుగుకొచ్చేసరికి ఏ నట్టు ఎవడిదో దేవుడికి తెలియాలి. "చేతికొచ్చింది బిగించుకోండ్రా, మీరేమైనా పెళ్ళికూతుళ్ళా జతలు చూసుకోడానికి!" అన్నాడు సార్జెంటు. బిగించుకున్నాం. నా నట్టు ఎవరి దగ్గరికి పోయిందో నాకు తెలియదు. నాకొచ్చినది ఎవరిదో తెలియదు. ఆ చలికాలం దాటినవాళ్ళం కొద్దిమందిమే కాబట్టి, అడిగి తెలుసుకునే వీలూ లేదు. అంచుల నునుపంటావా, అది నా కోటు తాలూకు రాపిడి.

సినిమా హాలు మాట నొప్పి పెట్టింది, బావా. అయిపోయింది, ఇంక దాన్ని తవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. తెల్లదారంది గ్లాషా పరీక్ష వస్తువు.

వార్వారా పావ్లొవ్నా పెట్టిన షరతు ఇది. "నీకు తెలిసినవాళ్ళలో అందరికంటే తప్పులు పట్టే మనిషి ఎవరో వాళ్ళ ముందు పెట్టు. పట్టుకుంటే మీ ఊరికి టికెట్టు కొనుక్కో" అంది. మన పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "మా నాన్న" అంది. "తండ్రి కదా, నీ పక్షాన మాట్లాడతాడు" అని ఆవిడ సందేహం. "ఆయన సంగతి మీకు తెలియదు" అంది ఇది. నీకు తెలియకుండా చెయ్యాలన్నది కూడా దాని షరతే, అందుకే నాదీ ఇంకొకటీ పక్కన కలిపాను.

నక్షత్రం పక్కన తెలుపు గోధుమగింజంత ఊడిపోయి ఉండేది. కొత్త పూత పూస్తే నీ సూదికి దొరుకుతుంది. ఆ కాలపు బ్యాడ్జీల ముక్కల్లోంచే గాజు తీసి, నూరి, నింపి, కొలిమిలో పెట్టింది. వేడి కాస్త ఎక్కువైతే మిగతా గాజంతా పగిలి ఊడిపోతుంది. రెండు పాత బ్యాడ్జీలు అలాగే పోయాయి, వేలు కాలింది అందుకే. ఆ ముక్కలు ఎక్కడివంటావా, నువ్వు శవాలగది అని పిలుచుకునే విరిగిన బ్యాడ్జీల పెట్టెలోవి. అక్క జామ్ సీసా చుట్టూ గుడ్డలో కట్టి పంపింది.

నీ ఉత్తరం గ్లాషాయే పైకి చదివింది. 'కన్నెపిల్ల' దగ్గర ఆగిపోయింది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా లేవలేదు. "మావయ్యా, నాన్న బాగుందన్నాడు" అంది. తర్వాత నల్లదారం దాకా వచ్చి నా మొహం చూసి, ఆ కాగితం మడిచేసింది. నేనే లాక్కుని చదివాను.

మరమ్మతుశాలలో ఆడవాళ్ళంతా నీ ఉత్తరం వినీ వినీ కడుపులు పట్టుకున్నారట. వార్వారా పావ్లొవ్నా మాత్రం నవ్వలేదు. "ఈ పెద్దమనిషికి కన్నుంది. లేకపోతే ఈ పరీక్షకు అర్థమే లేదు" అందట. ఉద్యోగం ఖాయం చేసింది. ఈ నెల ఒకటో తారీఖు నుంచి.

ఇంకొక్క మాట. బాగుచేసిన ప్రతి వస్తువు మీదా ఎవరూ మోసపోకుండా ఒక చిన్న గీత పెట్టాలని వాళ్ళ నియమం. తెల్లదారం దాని నట్టు విప్పి, కింద చూడు. నువ్వు నట్టు విప్పావు, నట్టు మీది అచ్చు చదివావు, మళ్ళీ బిగించావు.

నీ
అర్హిప్


సిజ్రాన్,
జూన్ 12

అర్హిప్, నా బంగారు బావమరిదీ,

నేను అడ్డగాడిదనని తేలిపోయింది! ఇంత సంతోషం నా జన్మలో ఎరగను!

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టాను, మధ్యలో కూర్చున్నాను, చివరికి నేలమీద ఉన్నాను. అగ్గిపెట్టె తీసి తెల్లదారం దాని నట్టు విప్పాను. ఉంది! వెంట్రుకంత గీత, బుద్ధిగా, దొంగతనం లేకుండా, ఎవరైనా చూసుకోండి అన్నట్టు! నలభై ఏళ్ళుగా నట్లు విప్పుతున్నాను, ఒక్కనాడైనా అది కూర్చునే చోటు చూడలేదు. మనిషి టోపీ తీసి, టోపీ లోపల కొలత చదివి, తల చూడకుండా వెళ్ళిపోయే రకాన్ని నేను.

నీ సంగతి. ఉత్తరంలో చెప్పే మాట కాదిది, అయినా చెప్పకపోతే పెన్ను కదలడం లేదు. యుద్ధంలో నేను ఇంజన్‌లో బొగ్గు వేశాను. గార్డ్స్ వాళ్ళను చూసింది బండి తలుపులోంచి. వాళ్ళు ఎక్కడం చూశాను, దిగడం చూశాను. కుండ నాకు తెలియదు. సినిమాహాల్లో యుద్ధం చూసింది నేను, నువ్వు కాదు. ఆ నట్టు జోలికి ఇకమీదట ఏ పండితుడైనా వస్తే, నా స్టీలు పళ్ళతో కరుస్తాను.

నిన్న ఆదివారం. క్లబ్బులో లేచి నిలబడి మొత్తం చెప్పాను, కుండ దగ్గర్నుంచి గీత దాకా. ఎవరూ నవ్వలేదు. వలేరియన్ ఇగ్నాత్యెవిచ్ తెల్లబోయి, "సవేలీ తిమొఫెయిచ్, బోర్డు మీది తీర్పు మెల్లగా తీసేద్దాం. క్లబ్బు పరువు" అన్నాడు.

"తియ్యొద్దు. కింద 'తప్పు' అని రాసి ఉంచండి" అన్నాను.

"మరి మేమంతా తల ఊపాం కదండీ!"

"ఊపినవాళ్ళ పేర్లు రాయొద్దులెండి. నాది మాత్రం పెద్దక్షరాలతో రాయండి. పక్కన మా అమ్మాయి పేరు ఇంకా పెద్దక్షరాలతో. గ్లఫీరా సవేల్యెవ్నా."

అప్పుడు నవ్వారు. తర్వాత వెనక వరుసలోంచి ఒక ముసలాయన, ముందూ వెనకా చూసుకుని, జేబులోంచి గుడ్డమూట తీశాడు. తన ట్యాంకు బ్యాడ్జి, మూల విరిగింది. "మీ అమ్మాయి దీన్ని కూడా చూస్తుందేమో అడుగుతారా?" అన్నాడు. అతుకేసినదాన్ని క్లబ్బు గుమ్మం తొక్కనివ్వను అని నాతోపాటు అరిచినవాళ్ళలో ఆయన గొంతే పెద్దది! ఆ తర్వాత మరో రెండు మూటలు బయటికొచ్చాయి. అన్నీ నా సంచీలోనే ఉన్నాయి. నా కూతురికి పని మోసుకొచ్చే కూలీ ఉద్యోగం నాకు ఖాయమైంది, నెలాఖరు దాకా ఆగక్కర్లేకుండా.

మార్ఫాను నిలదీశాను. "నా పెట్టెలోంచి తీసి పంపావా?"

"పంపాను."

"మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు."

"నాకొక్క మాట చెప్తే?"

"చెప్తే నీ తీర్పుకు విలువేముంది? తండ్రివైపోయేవాడివి" అంది. అని, నా కోటుకు కుడివైపు బొత్తాం కుట్టడం మొదలుపెట్టింది, ప్రయాణానికి. అవును, వస్తున్నాం, ఇద్దరం! మాస్కోలో బండి మారి ఇరవై నాలుగున పొద్దున దిగుతాం. మూడు బ్యాడ్జీలూ నా లోపలి జేబులో వస్తాయి. నీది నేనే నా చేతుల్తో నీ కోటుకు పెడతాను, నువ్వు ఊరుకోవాలి.

ఈలోగా అందరికీ చెప్పు. ఉత్తరాలు రాయడానికి నాకు ఓపిక లేక కాదు, మూడు రాసేసరికి లేచి వీధిలోకి పరిగెడుతున్నాను.

సరాతొవ్‌లో నికనోర్‌కు టెలిఫోన్ చెయ్యి. గట్టిగా చెప్పు, చెముడు. గ్లాషాకు పెళ్ళి కుదిరిందనుకుంటాడు, అలాగే అనుకోనీ, సాయంత్రానికి వాళ్ళావిడ సరిచేస్తుంది.

ఫెదోస్యా పెద్దమ్మకు ఉద్యోగం సంగతి ఒక్కటే చెప్పు. నేను గాడిదనయ్యానని చెప్పకు, ఆమెకు ఎప్పుడో తెలుసు, 'ఇప్పుడా తెలిసింది మీకు' అంటుంది.

మీ లుకేర్యా అక్క, 'ఈ వయసులో ఫ్యాక్టరీ వదిలి పోవడమేమిటి' అందే, ఆమెకు రెండుసార్లు చెప్పు. మొదటిసారి ఆమెకు, రెండోసారి నా సంతోషానికి.

గ్లాషాకు బాప్తిస్మంనాటి జ్ఞానమాత ఆన్ఫీసాకు పోస్టుకార్డు చాలు, కానీ బొమ్మది పంపు.

దిమీత్రీ బాబాయి పిల్లలు నలుగురికీ విడివిడిగా చెప్పు. ఒకరికి చెప్పి మిగతావాళ్ళకు చెప్పమంటే అలుగుతారు.

మీ ట్రాం డిపోలో అందరికీ. పందెమే లేదని నాకు అర్థమైంది, అయినా నేను ఓడిపోయానని చెప్పు.

గ్లాషాకు మాత్రం ఏమీ చెప్పకు. అది నేను చెప్తాను. ఏం చెప్పాలో మాస్కో దాకా ఆలోచిస్తాను, అక్కడినుంచి మరిచిపోతాను. పనిరోజు పాడుచేసుకుని స్టేషన్‌కు రావద్దని దానికి చెప్పు. వస్తుంది. అయినా చెప్పు. మాది ఆరో నంబరు పెట్టె.

నీ బావ,
సవేలీ